రేవెన్‌బెక్‌కి ఒక్క రోజు చాలు

లీదియా పిన్ని రాసిన పోస్టుకార్డు లీదియా పిన్ని చచ్చిపోయిన తర్వాత వచ్చింది.

ముందు టెలిగ్రాం వచ్చింది. రేపల్లెలో మా ఇంటి ముందు బల్లలు వేశారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు, మా అమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది, చుట్టాలు భోంచేసి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కారు. అంతా సద్దుమణిగాక ఒకరోజు పోస్టుమాన్ సైకిలు బెల్లు కొట్టి, ఇంగ్లండు బొమ్మ ఉన్న కార్డు ఒకటి ఇచ్చిపోయాడు. బొమ్మలో నీలం నీళ్ళు, వెనక పచ్చటి కొండలు, ఒడ్డున నల్లరాతి చర్చి, నీళ్ళలోకి చొచ్చుకుపోయిన చెక్క వంతెన, దానికి కట్టేసిన తెల్ల పడవలు. వెనక లీదియా పిన్ని గుండ్రటి అక్షరాలు.

"దయక్కా, ఈ ఊరి పేరు రేవెన్‌బెక్. హాస్టలు నర్సులందరం బస్సు మాట్లాడుకుని వచ్చాం. క్యాలెండర్లో ఊళ్ళు నిజంగా ఉంటాయని ఇవాళే తెలిసింది. నువ్వొకసారి రావాలి. ఒక్క రోజు చాలు, అంతా నేనే తిప్పి చూపిస్తా."

ఆ కార్డు డబ్బాలో వేసిన సాయంత్రమే పడవ తిరగబడింది. మిగతా ముగ్గురికీ ఈత వచ్చు.

కొన్నాళ్ళకి ఆ హాస్టల్లో పక్క మంచం నర్సు, కొట్టాయం అమ్మాయి, సెలవులో మద్రాసు వస్తే ఆ కార్డులో దయక్క, అంటే మా దయ పిన్ని, వెళ్ళి కలిసింది. చర్చి నిండా పూలు పెట్టారనీ, పాటలు పాడారనీ, తను మాత్రం పాటల మధ్యలోనే డ్యూటీకి పరిగెత్తాల్సి వచ్చిందనీ ఆ అమ్మాయి చెప్పింది. చర్చి, పూలు, పాటలు. ఆ తర్వాత ఏముంటుంది, సమాధే. మా ఇంట్లో ఎవరూ ఇంకో ప్రశ్న అడగలేదు. క్రైస్తవుల దేశంలో క్రైస్తవ పిల్ల చనిపోతే ఏం చేస్తారని అడగడమేంటి?

చెప్పొద్దూ, నేను దయ్యాల్ని నమ్మే రకం కాదు. గుంటూరు మహిళా పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. దేన్నయినా ప్లాను, ఎలివేషను, సెక్షను గీసి చూస్తే గానీ ఉన్నట్టు ఒప్పుకోను. దుబాయ్‌లో ఆసుపత్రి నర్సుగా ఉన్న దయ పిన్నే నన్ను రప్పించుకుంది. దేరాలో ఒక ఇంగ్లీషు కన్సల్టింగ్ కంపెనీలో నాది డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. 'ఉమన్' అని కొట్టడానికి గుర్తింపు కార్డులో చోటు చాల్లేదట. నైఫ్ బజారులో బట్టల కొట్టు మీద రెండు గదులు మావి. కింద రోజంతా బేరాలు, పైన రోజంతా కిటికీ ఏసీ రొద.

డెబ్బై తొమ్మిది అక్టోబరులో ఒక సాయంత్రం పిన్ని డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడింది.

"హెప్సీ, లండన్ వెళ్తన్నా."

"టీ తాగి వెళ్తావా, ఇట్నుంచి ఇటేనా?"

"ఎకసెక్కాలు ఆపు. మా వార్డులో ముసలి హజ్జా ఉందే, హజ్ చేసొచ్చిన అరబ్బు ముసలామె, ఆమెని గుండె ఆపరేషనుకి లండన్ తీసుకెళ్తన్నారు. నేను తోడుంటేనే ఎక్కుతానందంట విమానం. ఒక రోజు సెలవు అడిగా. ఏ రోజంటే ఆ రోజు తీసుకోమంది."

ఏ రోజు తీసుకుందో నేను అడగక్కర్లేదు. నవంబరు రెండు. సమాధుల పండగ.

మా వైపు తెలియనివాళ్ళకి చెబుతాను. ఆ రోజు రేపల్లె సమాధుల దొడ్డి పెళ్ళిపందిరిలా ఉంటుంది. పొద్దున్నే గడ్డి పీకి, సమాధి కడిగి, సున్నం కొడతారు. సిలువ మీద పేరు చెరిగిపోయి ఉంటే నల్లరంగుతో మళ్ళీ రాస్తారు. చీకటిపడే వేళకి బంతిపూలు, కొవ్వొత్తులు. పిల్లలు కరిగిన మైనం ఉండలు చుట్టుకుంటూ తిరుగుతారు. ఎవరూ లేని సమాధికి కూడా పక్కవాళ్ళు ఒక కొవ్వొత్తి పెట్టిపోతారు. లీదియా పిన్ని కొవ్వొత్తి మాత్రం ఏటా మా అమ్మమ్మ సమాధి కాళ్ళ వైపున, అరువు చోటులో వెలిగేది. అది దయ పిన్నికి గుచ్చుకునేది.

"దానికంటూ ఒక గుంట ఉంది గదా," అంది ఆ సాయంత్రం. "ఆరేళ్ళుగా ఎవరూ ఒక కొవ్వొత్తి పెట్టలా. గడ్డి పీకలా. పేరు ఉందో చెరిగిందో. ఒక్క రోజు వెళ్ళి శుభ్రం చేసి, దాని పక్కన కాసేపు కూచుని వస్తా. ఎట్టా వెళ్ళాలో నువ్వు చూడు. చదువుకున్నదానివి గదా."

అలా ఇంగ్లండులో ఒక ఊరికి ఒక్క రోజు విహారయాత్ర ప్లాను వేసే పని నా మీద పడింది.

మా ముదీర్, అంటే మేనేజరు, మిస్టర్ క్రాస్లీది ఆ చుట్టుపక్కల ఊరే కావడం నా అదృష్టం. మిగతా ఇంజనీర్ల గోడల మీద భార్యాపిల్లల ఫోటోలుంటే, ఆయన గోడ మీద ఆ సరస్సుల ప్రాంతం మ్యాపు ఉంటుంది. మా పిన్నికి రేవెన్‌బెక్ చూడాలనుందని అన్నానో లేదో, కొత్త టవరు పునాది డ్రాయింగు పక్కకి తోసేశాడు. దుబాయ్‌లో ఆ ఊరి మాట ఆయన్ని అడిగిన మొదటి మనిషిని నేనేనట. మనవాళ్ళు గోంగూర గురించి మాట్లాడేటప్పుడు కళ్ళు ఎలా అవుతాయో ఆయన కళ్ళు అలా అయ్యాయి.

"లండన్‌లో తెల్లవారకముందే రైలెక్కాలి. మధ్యలో ఒకసారి మారాలి, చివర్లో బస్సు. నవంబరులో తొందరగా చీకటి పడుతుంది, అది గుర్తుంచుకోమను. చర్చి వెనక గుట్ట ఎక్కితే సరస్సంతా కనబడుతుంది. వంతెన ఎదురుగా టీ కొట్టు, అల్లం కేకు బ్రహ్మాండం. నీ పిన్నికి నడక అలవాటేనా?"

"వార్డులో రోజూ రేపల్లె నుంచి తెనాలి దాకా నడుస్తుంది సార్."

ఆ రెండు ఊళ్ళూ ఎక్కడో ఆయనకి తెలియదు, అయినా మెచ్చుకున్నాడు. గోడ మీద మ్యాపు చూసి గీసుకోమన్నాడు. నేను ఊరు ఒక్కదాన్నే పెద్దది చేసి ట్రేసింగు పేపరు మీద గీశాను. బస్సు ఆగే చోటు, వీధి, చర్చి, సమాధుల దొడ్డి, సరస్సు ఒడ్డు, చెక్క వంతెన. ఏ గంటకి ఎక్కడుండాలో పక్కన రాశాను. టీ కొట్టు కూడా పెట్టాను. పండగైనా మనిషి టీ తాగాలి కదా.

ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచాను. పిన్ని అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చర్చి వెనక బావేది?"

"ఏ బావి?"

"ఇనపరేకు మూతేసిన బావి. పూలకి నీళ్ళు అక్కడే తోడుకోవాల."

"కార్డులో ఉందా?" తీసి చూశాను. కార్డులో చర్చి ముందు భాగమే ఉంది. "నీకెవరు చెప్పారు?"

పిన్ని నా వైపు అదోలా చూసింది. ఎవరు చెబుతారు, అన్నట్టు. "అదే చెప్పింది. మొన్న."

మర్నాడు మాటల్లో మాటగా క్రాస్లీని అడిగాను. చిన్నప్పుడు ఆ రేకు మీద ఎక్కి గంతులేసి తన్నులు తిన్నాడట. "మ్యాపులో లేదే! మీ పిన్ని ఇంతకుముందు వెళ్ళిందా?" అన్నాడు. కొట్టాయం అమ్మాయి చెప్పి ఉంటుందని అనుకున్నాను. అనుకోవడానికి డబ్బులు ఖర్చవవు.

ఆ రోజు నుంచి పిన్ని ప్లానులో అన్నీ రెండేసి అయ్యాయి. పులిహోర ఇద్దరికి. గొడుగులు రెండు. కింద కొట్లో బేరమాడి ఊదారంగు స్వెట్టరు కూడా కొంది. తనకి ఊదారంగు పడదు.

"టిక్కెట్లు కూడా రెండు రాయి," అంది.

"రెండోది ఎవరికి?"

"అంతా తిప్పి చూపిస్తానంది. ఊరికే తిప్పించుకుని దాన్ని అక్కడే వదిలేసి వస్తానా?"

"పిన్నీ, బ్రిటిష్ రైల్వేవాళ్ళు అలాంటివాళ్ళని టిక్కెట్టు అడగరు."

"నీ మొహం," అంది, నవ్వింది కూడా. నవ్వుతూనే వంటగది గుమ్మం వైపు చూసింది, అక్కడ ఇంకొకరు కూడా నవ్వారా అని చూసుకున్నట్టు. నా చేతిమీద వెంట్రుకలు లేచాయి. ఏసీ చలి అని సర్దుకున్నాను.

ఏసీ మీద చాలా నిందలు వేశాను ఆ నెలలో. మ్యాపు మీద ఒక చోట తడి చేరి, కాగితం ఉబ్బి, ఇంకు అలుక్కుపోయింది. ట్రేసింగు పేపరు అంటే అంతే, గాలిలో చెమ్మ తగిలినా ముడతలు పడుతుంది. ఏసీ కారుతోందని బల్ల అవతలి గోడకి జరిపి, మళ్ళీ గీశాను. పొద్దున లేచేసరికి మళ్ళీ తడి. అదే చోట. చెక్క వంతెన చివర, నీళ్ళు మొదలయ్యే దగ్గర, అర్ధరూపాయి బిళ్ళంత. చుట్టూ కాగితం కరకరలాడుతూ పొడిగా ఉంది. మూడోసారి ఆఫీసులోనే గీసి గొట్టంలో చుట్టి తెచ్చాను. గొట్టం విప్పితే సరిగ్గా అక్కడే చల్లగా తగిలింది వేలికి. నాకు పాలిటెక్నిక్‌లో నేర్పిన కారణాలు ఆ మూడో కాగితంతో అయిపోయాయి.

పిన్నికి చూపించాను. ఆశ్చర్యపోలేదు.

"అదే నాకూ అర్థం కావట్లా హెప్సీ. కల్లో ఎప్పుడూ ఆ వంతెన చివరే నిలబడి ఉంటది. చర్చి దగ్గరికి రావే, నీ చోటు చూపించవే అంటే రాదు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని అక్కడే నిలబడి చూస్తది. పడుకునే చోటు పెట్టుకుని అక్కడెందుకు నిలబడటం?" తడి మీద వేలు పెట్టింది. "దాని గుంట మీద ఇంకెవరినైనా పెట్టారంటావా? తెల్లోళ్ళు చోటు చాలక అట్టా చేస్తారంట గదా?"

ఆ భయమే పిన్నిని తినేస్తోంది. సమాధి దొరకదేమోనన్న భయం. ఉన్నది ఒక్క రోజు, అందులో వెలుతురు కాసేపే. దొడ్డంతా వెతుక్కుంటూ చీకటి చేసుకుని, కొవ్వొత్తి పెట్టకుండా తిరిగి రావాల్సొస్తే ఆవిడ ఆ తర్వాత మనిషిగా ఉంటుందని నాకు అనిపించలేదు.

అందుకే క్రాస్లీకి అసలు సంగతి చెప్పేశాను. విహారయాత్ర కాదనీ, మా చిన్న పిన్ని అక్కడ పోయిందనీ, సమాధి ఏ వరసలో ఉందో ముందే తెలిస్తే మ్యాపులో గుర్తు పెడతాననీ.

ఆయన మొహంలో అల్లం కేకు కళ తగ్గింది. "మా అమ్మ పక్క ఊళ్ళోనే ఉంటుంది," అన్నాడు. "ఫోన్ చేస్తాను. చర్చికి వెళ్ళి చూసి చెబుతుంది. నీ పిన్నికి ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదు."

పిన్ని ప్రయాణం శనివారం. గురువారం మధ్యాహ్నం క్రాస్లీ నన్ను గదిలోకి పిలిచాడు. మా ఆఫీసు డ్రైవరు లచ్చన్న అప్పుడే ఉత్తరాల కట్ట పట్టుకుని లోపలున్నాడు. కరీంనగర్ మనిషి. ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడడు.

"కూర్చో మిస్ హెప్సీ. సమాధి లేదు."

"పేరు చెరిగిపోయిందా సార్?"

"లేదు లేదు. అసలు పూడ్చలేదు. భయపడకు, అంతా చాలా మర్యాదగా జరిగింది. అప్పట్లో ఊళ్ళో ఒక రిటైరైన కర్నల్ ఉండేవాడట, మీ దేశంలో చాలా ఏళ్ళు పనిచేసినవాడు. ఇండియన్లని మట్టిలో పెట్టకూడదు, అలా చేస్తే ఆత్మకి శాంతి ఉండదు, దహనం చేసి నీళ్ళలో కలపాలి, అది వాళ్ళ ధర్మం అని ఆయనే పట్టుబట్టాడట. చర్చిలో ప్రార్థన అయ్యాక పట్నం తీసుకెళ్ళి దహనం చేయించి, బూడిద తెచ్చి సరస్సులో కలిపారు. అందరూ చందాలు వేసుకున్నారట. మా అమ్మ కూడా." ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది. ఎందుకుండదు? "మీ ఆచారం ప్రకారమే చేశారు."

"ఎక్కడ కలిపారు సార్?"

ఆయన లేచి గోడ మీద మ్యాపు దగ్గరికి వెళ్ళాడు. వేలు ఎక్కడ పెడతాడో నాకు ముందే తెలుసు. అయినా చూశాను. చెక్క వంతెన చివర పెట్టాడు.

నేను థాంక్యూ అన్నాను. తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

లచ్చన్న నా వెనకే వరండాలోకి వచ్చాడు. "ఏమాయె బిడ్డా? గట్ల తెల్లగైనవేంది? నీళ్ళల్ల కలిపిండ్రంటే మంచిగనే చేసిండ్రు గద! మా నాయినను మేం ధర్మపురి కాడ గోదాట్ల కలిపినం."

"మాకు పూడుస్తారు లచ్చన్నా. క్రిస్టియన్లం."

లచ్చన్న తల గోక్కున్నాడు. "మరి గా కర్నల్ సాబుకు గది ఎర్క లేకపాయెనా? తురకోల్లు గుడ పూడుస్తరు గద. ఎవల్నన్న అడగకపాయిరి."

"ఎవరిని అడుగుతాడు?"

"అగో, గది గుడ నిజమే," అని, "పిన్నమ్మకు చెప్తవా?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను అప్పటికే నాలుగుసార్లు వేసుకున్నాను. చెప్పకపోతే పిన్ని చలిలో సమాధుల మధ్య వంగి వంగి పేర్లు చదువుకుంటూ చీకటి చేసుకుంటుంది. ఏదో ఒక మూల గుర్తు పెట్టి ఇదే పిన్నీ అందామంటే, ఎవరో తెల్లాయన సమాధికి సున్నం కొట్టి వస్తుంది. ఆ రెండోది నిజంగానే కాసేపు ఆలోచించాను. చేతిలో ఇంకు పెన్ను ఉన్నవాళ్ళకి ఇలాంటి బుద్ధులు పుడతాయి.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని పెట్టె సర్దుతోంది. కొవ్వొత్తులు, ఊదారంగు స్వెట్టరు, పాత బోర్న్‌వీటా డబ్బాలో సున్నం, నల్లరంగు సీసా, రెండు కుంచెలు, గడ్డి పీకడానికి ఒక తాపీ. లండన్ కస్టమ్స్‌వాళ్ళు ఆ పెట్టె తెరిస్తే ఇల్లు కట్టడానికి వచ్చిందనుకుంటారు.

"వరస తెలిసిందా?" అంది తలెత్తకుండానే.

చెప్పాను. క్రాస్లీ చెప్పినట్టే, కర్నలుతో సహా, చందాలతో సహా. ఏదీ మింగలేదు.

పిన్ని చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది.

"కాల్చారా?"

"మన ఆచారమనుకున్నారంట పిన్నీ."

"ఎవరి ఆచారం? బాప్తిస్మం పుచ్చుకున్న పిల్ల. దాని మెళ్ళో సిలువుంది. చర్చిలో పాటలు పాడి, పాడినోళ్ళే తీసుకెళ్ళి కాల్చారా?"

"మంచి చేద్దామనే..."

"ఒక్క మాట అడగాల గదా హెప్సీ! ఒక్క టెలిగ్రాం ఇచ్చారు పోయిందని, ఏం చెయ్యమంటారని ఇంకొకటి ఇయ్యలేకపొయ్యారా?" గొంతు పెరిగింది. కింద బట్టల కొట్టులో బేరం ఆగింది. "రేపు ప్రభువు పిలిస్తే అందరూ గుంటల్లోంచి లేస్తారు. అదెక్కణ్ణుంచి లేవాల?"

లచ్చన్న మాట చెప్పి చూశాను. గోదావరిలో కలపడం వాళ్ళకి పుణ్యమని.

"వాళ్ళకి సరే. గోదారి వాళ్ళ తల్లి. ఇది నీళ్ళంటే భయపడే పిల్ల. చిన్నప్పుడు కాలవ దాటాలన్నా నా నడుం పట్టుకునేది." పిన్ని నేలమీద కూర్చుంది. అప్పటిదాకా అరిచిన మనిషి చాలా మెల్లిగా అంది: "నీళ్ళలో పడి చచ్చిన పిల్లని హెప్సీ, మళ్ళీ తీసుకెళ్ళి నీళ్ళలోనే వేశారు."

నేను కూడా పక్కన కూర్చున్నాను. ఇద్దరం బల్ల వైపు చూడలేదు. అక్కడ నుంచి ఒక చుక్క రాలిన చప్పుడైంది, కాసేపటికి ఇంకొకటి. ఏసీ ఆపేసి ఉంది.

మర్నాడు శుక్రవారం, దుబాయ్‌లో చర్చికి వెళ్ళే రోజూ సెలవు రోజూ అదే. ప్రార్థన నుంచి వచ్చి పిన్ని పెట్టె మళ్ళీ విప్పింది. సున్నం డబ్బా, కుంచెలు, తాపీ తీసి పక్కన పెట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న ఖాళీ సెలైను సీసాని గిన్నెలో వేసి మరగబెట్టడం మొదలుపెట్టింది. రబ్బరు బిరడా కూడా.

"ఏంటిది?"

"ప్లాను మార్చు. చర్చి దగ్గర నాకేం పని లేదు. బస్సు దిగి తిన్నగా వంతెన మీదికే. ఎన్నింటికి చేరతా?"

"ఏం చేస్తావక్కడ?"

"తీసుకొస్తా."

"సరస్సంతానా?"

"సీసాలో పట్టినంత." పట్టకారుతో సీసా పైకి తీసి, వెలుతురుకేసి చూసింది. వార్డులో సిరంజి చూసినట్టు. "మట్టి చెయ్యాల్సిన మనిషిని మట్టి చెయ్యాల. దాంట్లో కాస్త ఉన్నా అదే గదా."

దానికి నేను ఏ సెక్షను గీసి కాదనగలను? మ్యాపు నాలుగోసారి గీశాను. టీ కొట్టు తీసేశాను. క్రాస్లీ ఫోన్ చేస్తే వాళ్ళమ్మ బస్సు దగ్గరికి వస్తానందట. టిక్కెట్లు వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు రెండు అని పిన్ని చెప్పినట్టే రాశాను. ఈసారి వాదించలేదు.

నవంబరు రెండు శుక్రవారం, మా ఆఫీసుకు సెలవు. నేను ఒక్కదాన్నే గదిలో ఉన్నాను. మిగిలిపోయిన మూడో మ్యాపు, బల్ల, నేల, అన్నీ ఎండు. గుమ్మం వైపు చూశాను. ఏమీ లేదు. అలాంటి ఏమీ లేకపోవడం ఆ నెల రోజుల్లో అదే మొదటిసారి. నెలంతా ఈ గదుల్లో ముగ్గురం ఉన్నామని నాకు అప్పుడు తెలిసింది. భయం వేయలేదు, ఒంటరిగా అనిపించింది. కిందికి వెళ్ళి బట్టల కొట్టాయనతో అక్కర్లేని చీటీగుడ్డ బేరమాడి వచ్చాను.

హజ్జాకి ఆపరేషను బాగా జరిగింది. నవంబరు ఆఖర్లో పిన్ని తిరిగి వచ్చింది. భుజానికి తగిలించుకున్న సంచిలో, ఊదారంగు స్వెట్టరులో చుట్టి, సీసా. నీళ్ళు బాగా తేటగా ఉన్నాయి, అడుగున గోధుమరంగు ఆకు ముక్క ఒకటి.

"ఎలా ఉంది ఊరు?"

"బొమ్మలో మాదిరే ఉంది. చలి. మీ ముదీర్ వాళ్ళమ్మ మంచిది, గొడుగు పట్టుకుని నిలబడింది పాపం. చందా ఇచ్చినామెతో ఏం పోట్లాడతా?" చెప్పులు విడిచింది. "వంతెన చివరికెళ్ళి పిలిచా. ఎక్కువసేపు పిలవలా."

సీసాని బల్ల మధ్యలో పెట్టి, టీ పెట్టి, మూడు కప్పుల్లో పోసింది. మూడో కప్పు ఎవరూ ముట్టుకోలేదు. అయినా, మావి ఇంకా పొగలు కక్కుతుండగానే అది చల్లారిపోయింది.

ఫిబ్రవరిలో పిన్నికి సెలవు. రేపల్లెలో అమ్మమ్మ పక్కన చోటు అడిగి ఉంచమని, గుంట ముందే తవ్వించి ఇటుక కట్టించమని మా నాన్నకి చెప్పి పంపాలి. మేస్త్రికి కొలతలు కావాలి. కాబట్టి నేను మళ్ళీ బోర్డు ముందు కూర్చున్నాను. ఈసారి సమాధి ప్లాను. లోపల పెట్టె.

"సీసాకి అడుగు పొడవు పెట్టె చాలు," అన్నాను.

"అడుగు పెట్టె చంటిపిల్లలకి. దానికి ఇరవై ఏడేళ్ళు. కాళ్ళు ముడుచుకు పడుకుంటదా ఇక?"

"సరే, నిండు పెట్టే వేద్దాం. లీదియా పిన్ని ఎత్తెంత?"

పిన్ని తన చెవి దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది, కొంచెం కిందికి దించింది, మళ్ళీ పైకి పెట్టింది. "ఇంతుండేది. నర్సింగులో చేరాక కూడా ఎదిగింది. ఇంగ్లండు పోయాక నేను చూళ్ళా."

"అంచనాగా చెప్పు పిన్నీ."

"అంచనాతో మనిషికి గుంట తవ్వుతారటే?" అని, గోడ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు తిరిగింది. గొంతు మారింది. రేపల్లెలో చెల్లెళ్ళని బడికి తరిమే గొంతు. "లేవే. లేచి గోడకి ఆనుకుని నిలబడు. హెప్సీ కొలుస్తది."

నవ్వాలనుకున్నాను. నా చెయ్యి మాత్రం సొరుగులోంచి గుడ్డ టేపు తీసింది. గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కొస నేలకి నొక్కి పట్టుకుని, రెండోది పైకి విసిరాను. అది పట్టుకోమని పిన్నిని పిలవబోయి తిరిగి చూస్తే, పిన్ని బల్ల దగ్గరే కూర్చుని ఉంది, రెండు చేతుల్లోనూ టీ కప్పు.

టేపు కింద పడలేదు. గోడ వెంబడి నిటారుగా, బిగువుగా నిలబడింది.

ఐదడుగుల ఒకటిన్నర అంగుళం. రాసుకున్నాను.